ఏ సెంటర్ సార్? – ఓ పుష్పక్ బస్సు ఆత్మకథ

తన గురించి చెప్పేటప్పుడు ‘నేను’ అనడం విమానాశ్రయానికి తిరిగే ఈ బస్సుకు అలవాటు లేదు. ‘పుష్పక్ వచ్చిందా?’, ‘పుష్పక్ పోయిందా?’ అన్న మాటలే చెవిన పడుతూ పెరిగింది మరి. అందుకే తన కథ తానే చెప్పుకుంటున్నా, పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టే చెబుతుంది.

పేరుతోనే వచ్చింది తంటా. కుబేరుడి దగ్గర్నుంచి రావణుడు లాక్కున్న పుష్పక విమానంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు మిగిలేదట. ఆ కథ ఎవరు గుర్తుచేశారో గానీ, గల్ఫ్ విమానం దిగినవాళ్లు తాళ్లతో బిగించి, పెద్ద అక్షరాలతో పేరు రాసిన అట్టపెట్టెలన్నీ దీనిలోకే ఎక్కిస్తారు.

2019 మార్చిలో హైదరాబాద్‌లో ఆర్టీసీ రోడ్డెక్కించిన 40 ఎలక్ట్రిక్ బస్సుల్లో ఇదొకటి. తోబుట్టువుల్లో కొన్ని మియాపూర్ డిపోకు పోతే, ఇది కంటోన్మెంట్ డిపోకు చేరింది. ఒళ్లు 12 మీటర్లు. గేర్ల గోల లేదు, పొగ లేదు. బ్రేకు వేసినప్పుడల్లా చక్రాల ఊపు కొంత కరెంటుగా మారి బ్యాటరీలోకి తిరిగొస్తుంది. నగరంలో సిగ్నల్ పడితే అందరూ విసుక్కుంటారు, పుష్పక్ మాత్రం నాలుగు గింజలు ఏరుకుంటుంది.

పెద్ద బస్సులు చెప్పగా విన్న సంగతి ఒకటుంది. 2008 మార్చి 23 దాకా విమానాలు బేగంపేటలోనే దిగేవి. అంటే ఊరి నడిబొడ్డున. సూట్‌కేసు పట్టుకుని గేటు దాటితే ఆటో, ఆ వెంటనే ఇల్లు. ఆ తేదీన శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకోవడంతో విమానానికీ ఇంటికీ నడుమ పాతిక కిలోమీటర్ల దారి మొలిచింది. పుష్పక్ తినే అన్నం ఆ దూరానిదే. మరుసటి ఏడాది అక్టోబరులో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. ఆరాంఘర్ నుంచి మెహిదీపట్నం దాకా పదకొండున్నర కిలోమీటర్ల పైవంతెన. కార్లకు అది దారి, కింద కాపురం ఉన్నవాళ్లకు చిరునామా. అత్తాపూర్‌లో ఇల్లు ఎక్కడంటే ఇప్పటికీ పిల్లర్ నంబరే చెబుతారు.

కొత్తవాళ్లు మెట్టు మీద కాలు పెడుతూనే అడిగే ప్రశ్న ఒకటే: “సిటీ సెంటర్‌కు వెళ్తుందా?”

“ఏ సెంటర్ సార్? కోఠీనా, సికింద్రాబాదా, అమీర్‌పేటా, గచ్చిబౌలా?”

కండక్టరు వేళాకోళం ఆడటం లేదు. ఈ ఊరికి నిజంగానే ఒక్క సెంటర్ లేదు. చార్మినార్ చూడ్డానికి వచ్చినవాడికీ, హైటెక్ సిటీలో ఇంటర్వ్యూకి వచ్చినవాడికీ చెరో ఊరు. గచ్చిబౌలి వైపు పోయేవాళ్లు మియాపూర్ బస్సెక్కితే, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా పాతబస్తీ మొహం కూడా చూడకుండా చేరిపోతారు.

ఈ పుష్పక్ ఎక్కువగా తిరిగింది ఆరాంఘర్, ఎల్బీనగర్, ఉప్పల్ మీదుగా సికింద్రాబాద్ దారిలో. నగరాన్ని చీల్చుకుని పోదు, అంచు పట్టుకుని చుట్టి వస్తుంది. ఇదేం దారి అని మొదట్లో దానికే చిన్నతనంగా ఉండేది. తర్వాత తత్వం బోధపడింది. దీన్ని ఎక్కేవాళ్లలో చాలామందికి హైదరాబాద్‌తో పనే లేదు. మహబూబ్‌నగర్ మనిషి ఆరాంఘర్‌లో దిగుతాడు. నల్లగొండ, విజయవాడ వాళ్లు ఎల్బీనగర్‌లో, వరంగల్ వాళ్లు ఉప్పల్‌లో. కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్‌స్టేషన్, అదే జేబీఎస్ దాకా కదలరు.

“జేబీఎస్ పోతదా అన్నా?”

“పోతది, ఎక్కు తమ్మీ. ఆ డబ్బాలు జర లోపలికి జరుపు.”

ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని ఎక్కే అమ్మలూ ఉన్నారు. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు మొదలైన మహాలక్ష్మి ఉచిత ప్రయాణం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, మామూలు సిటీ బస్సులకే గానీ పుష్పక్‌కు లేదు. ఆ మాట చెప్పిన ప్రతిసారీ కండక్టరు గొంతు తగ్గుతుంది.

2020లో మార్చి 25 నుంచి రెండు నెలలపాటు దేశంలో మామూలు ప్రయాణికుల విమానాలు ఎగరలేదు. ఆ విమానాలే లేనప్పుడు పుష్పక్‌కు పనేముంది? సీట్ల మీద దుమ్ము పేరుకుంది.

పోటీదారుల సంగతీ చెప్పాలి. 2023 ఏప్రిల్‌లో ఎంఎంటీఎస్ రైలు ఫలక్‌నుమా దాటి ఉందానగర్ దాకా వచ్చింది. కానీ స్టేషన్ నుంచి టెర్మినల్‌కు మళ్లీ ఆటోనో క్యాబో చూసుకోవాలి. విమానాశ్రయ మెట్రోకు 2022 డిసెంబరులో రాయదుర్గం వైపు నుంచి శంకుస్థాపన జరిగింది. ఏడాదికి ప్రభుత్వం మారింది, దాంతో దారీ మారింది. కొత్త ప్రణాళికలో ఆ రైలు నాగోల్ నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా రావాలి. అంటే చాలావరకు ఈ పుష్పక్ తిరిగే దారి వెంటే! అందుకే రోడ్డు మధ్యలో ఎవరైనా కొలత టేపు పట్టుకుని కనిపిస్తే, బస్సు కాస్త నిదానించి చూస్తుంది.

మొన్నొక తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, వీపున సంచితో ఒక విదేశీ యువకుడు ఎక్కాడు. అదే ప్రశ్న. కండక్టరు ఫోన్‌లో మ్యాపు తీసి ఎల్బీనగర్ మీద వేలు పెట్టాడు. అక్కడ మెట్రో ఎక్కితే ఎంజీబీఎస్ బస్టాండు, కోఠి, నాంపల్లి, అమీర్‌పేట, ఏది కావాలంటే అది. కుర్రాడు తలాడించి, ఎల్బీనగర్ రాగానే దిగాడు. తొలి మెట్రోకు ఇంకా చాలా వేళ ఉంది, స్టేషన్ షట్టరు దించే ఉంది. మెట్ల పక్కన చాయ్ బండివాడు పొయ్యి వెలిగిస్తున్నాడు. కుర్రాడు సంచి దించి అక్కడే కూర్చున్నాడు.

లోపల, అట్టపెట్టె మీద తల వాల్చి నిద్రపోతున్న జగిత్యాల మనిషి ఉలిక్కిపడి లేచాడు.

“జేబీఎస్ అచ్చిందా అన్నా?”

“ఇంక ఉప్పల్ గూడ రాలే. పండుకో.”