ఈసీఈ చదివి బ్యాక్టీరియా జోలికి వెళ్లేవారికి

ఈసీఈలో బీటెక్, సిగ్నల్ ప్రాసెసింగ్‌లో ఎంటెక్, ఫిల్టర్ల మీద సగం పీహెచ్‌డీ అయ్యాక ఉన్నట్టుండి సింథటిక్ బయాలజీ మీద మనసు పడిందా? శుభం. ఈ దారిలో పదకొండేళ్లు నడిచి, అందులో సగం వెనక్కి నడిచినవాణ్ని చెబుతున్నాను. అక్షరం పొల్లుపోకుండా పాటించండి.

ముందుగా, ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోకండి. ఎంఐటీలో టామ్ నైట్ అనే ఇంజనీరు అలా కూర్చుని నేర్చుకున్నాడు. లిస్ప్ మెషీన్లు కట్టి పేరు తెచ్చుకున్న మనిషి, 1990ల్లో డిగ్రీ పిల్లల పక్కన కూర్చుని బయాలజీ పాఠాలు విన్నాడు. కంప్యూటర్ సైన్స్ ల్యాబులోకి పిపెట్లు, ఇంక్యుబేటర్లు తెచ్చిపెట్టాడు. తర్వాత 2003లో డీఎన్‌ఏ ముక్కల్ని ఒకదానికొకటి అతికించే బయోబ్రిక్స్ ప్రమాణం రాశాడు, 2008లో గింక్గో అనే బయోటెక్ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడయ్యాడు, కాదనను. కానీ పరువు? మీరు మాత్రం ప్రమోటర్ అంటే ఏమిటో ఆదివారం రాత్రి ఇంటర్నెట్‌లో చూసుకుని సోమవారం సెమినార్ ఇచ్చేయండి. ఎవరైనా ప్రశ్న అడిగితే బోర్డు మీద కన్వల్యూషన్ రాయండి. ఇంటిగ్రల్ గుర్తు కనబడగానే జీవశాస్త్రం వాళ్లు మర్యాదగా టీ తాగడానికి లేచిపోతారు.

డీఎన్‌ఏతో మొదలుపెట్టండి, చేతులకి తడి అంటదు. ఏ-కి 1, సీ-కి 2, జీ-కి 3, టీ-కి 4 అని అంకెలు పంచండి. 'జీ విలువ ఏ-కి మూడింతలు ఎందుకయింది?' అని అడిగేవాడు అసూయాపరుడు. 1992లో వాస్ అనే ఆయన ఒక్కో అక్షరానికి విడిగా సున్నాలూ ఒకట్ల వరుస వేసుకుని ఈ గొడవ తప్పించుకున్నాడు. మీకంత ఓపిక అక్కర్లేదు. ప్రొటీన్‌గా మారే భాగంలో మూడక్షరాలకోసారి ఒక లయ ఉంటుంది కాబట్టి, ఫూరియర్ తీస్తే మూడో వంతు పౌనఃపున్యం దగ్గర శిఖరం లేస్తుంది. 1997లో ఢిల్లీ జేఎన్‌యూ పరిశోధకులు ఈ శిఖరంతోనే జన్యువుల్ని వెతికి చూపించారు. 351 అక్షరాల కిటికీ, దాన్ని జరుపుకుంటూ పోవడం, అంతే. మీ కొత్త ఫిల్టర్‌ని మాత్రం ఒకే ఒక్క జన్యువు మీద పరీక్షించండి. మిల్లీమీటరు పొడవుండే సీ. ఎలెగాన్స్ పురుగు మూడో క్రోమోజోములోని ఎఫ్‌56ఎఫ్‌11.4. ఐదు ఎక్సాన్లు (ప్రొటీన్‌గా మారే ముక్కలు), ఐదు శిఖరాలు. పెళ్లిచూపుల్లో అమ్మాయిలందరూ ఒకే కీర్తన పాడినట్టు, మన పేపర్లన్నీ ఈ జన్యువునే పాడతాయి. అదే 1997లో వచ్చిన జెన్‌స్కాన్ అనే ప్రోగ్రాం ఇంతకన్నా బాగా వెతుకుతుందన్న సంగతి రివ్యూయర్ ఎత్తేదాకా మీరు ఎత్తకండి.

ఇక తడి ల్యాబు. 2000 జనవరి నేచర్‌లో ఎలోవిట్జ్, లీబ్లర్ ఈ. కోలై బ్యాక్టీరియా లోపల ఒక గడియారం కట్టి చూపించారు. మూడు రిప్రెసర్ జన్యువులు. మొదటిది రెండోదాన్ని నొక్కుతుంది, రెండోది మూడోదాన్ని, మూడోది తిరిగి మొదటిదాన్ని. కణం సుమారు రెండున్నర గంటలకోసారి పచ్చగా వెలిగి ఆరుతుంది. అరే, రింగ్ ఆసిలేటర్! మూడు ఇన్వర్టర్లు! రెండో ఏడాది ల్యాబులో చేశాం కదా, అని మీ గుండె పొంగుతుంది. పొంగనివ్వండి. ఆ కణం గంటకోసారి రెండుగా చీలుతుందనీ, అల సగంలో ఉండగానే తల్లి దాన్ని కూతుళ్లకి అప్పగిస్తుందనీ తలుచుకోవద్దు. బ్రెడ్‌బోర్డు మీద 7404 చిప్పు ఎప్పుడైనా పిల్లల్ని పెట్టిందా?

శాంప్లింగ్ దగ్గర పిసినారితనం పనికిరాదు. నైక్విస్ట్ చెప్పినదానికి డెబ్బై ఐదు రెట్లు తీయండి, నిమిషానికో ఫొటో. మైక్రోస్కోపు నీలికాంతి పడిన ప్రతిసారీ మెరిసే ప్రొటీన్ కొంచెం వెలిసిపోతుంది, కణం కొంచెం చస్తుంది. చూడటమే దెబ్బ కొట్టడం అయిన చోట ఎన్నిసార్లు చూడాలన్నది మన సిద్ధాంతంలో ఎక్కడా లేదు కాబట్టి అది ప్రశ్నే కాదు. నా మొదటి సినిమాలో తొలి గంట దీపావళి. రెండో గంటకి కణాలు సాగడం మానేశాయి. మూడో గంటకి తెర నల్లబడింది. ఆ నలుపుకి స్లయిడ్ మీద 'డ్యాంప్డ్ ఆసిలేషన్' అని పేరు పెట్టాను, టైం కాన్‌స్టెంట్ కూడా లెక్కగట్టాను. హాల్లో చప్పట్లు కొట్టారు.

నాయిస్ కనబడితే లోపాస్ ఫిల్టర్. 2002లో ఎలోవిట్జ్ బృందం ఒకే కణంలో ఒకేలాంటి రెండు ప్రమోటర్లకి రెండు రంగులు తగిలించి, వాటి మధ్య తేడాని బట్టి రొద ఎంత జన్యువు లోపలిది, ఎంత కణమంతటిది అని విడదీసింది. రొదనే విషయంగా చేసుకున్నారన్నమాట. మనకెందుకండీ? వెయ్యి కణాలు వెయ్యి వేళల్లో వెలిగి ఆరుతుంటే సగటు తీసేయండి. గీత చెరువు నీళ్లలా నిలబడుతుంది, 'సిస్టమ్ స్టేబుల్' అని రాసుకోవచ్చు. అప్పటికీ గడియారం కుదరకపోతే కొత్త ఫీడ్‌బ్యాక్ లూపులు చుట్టండి. 2016లో హార్వర్డ్‌లో పాల్సన్ బృందం అదే పాత గడియారానికి లూపులు చుట్టలేదు, ఉన్న తగిలింపులు తీసేసింది. రిప్రెసర్లని త్వరగా చంపే తోకలు కోసేశారు. వేరే ప్లాస్మిడ్ (గుండ్రటి చిన్న డీఎన్‌ఏ ముక్క) మీద కూర్చున్న మెరిసే జన్యువుని తెచ్చి గడియారం ఉన్న ప్లాస్మిడ్ మీదే పెట్టారు. పాతికేళ్లు ఆసిలోస్కోపు ప్రోబు పట్టినవాడికి కొలిచే సాధనమే సర్క్యూట్‌ని పాడుచేస్తుందని ఒకరు చెప్పాలా? చెప్పాలి, నాకు చెప్పాల్సి వచ్చింది.

చేతిపని మీద ఎక్కువ చెప్పను. కణాల్ని మంచులోంచి తీసి 42 డిగ్రీల నీళ్లలో 45 సెకన్లు ముంచమంటారు. ఫోను చూసుకుని మూడు నిమిషాలకి తీయండి, లీనియర్ సిస్టమే కదా. ఆంపిసిలిన్ ప్లేటుని రెండు రోజులు మరిచిపోండి. పెద్ద కాలనీ వదిలిన ఎంజైము చుట్టుపక్కల మందుని తినేస్తే, ప్లాస్మిడ్ లేని చిల్లర కాలనీలు దాని పంచన బతుకుతాయి. ముద్దుగా ఉంటాయి. వాటినే ఏరుకోండి.

ఉద్యోగం గురించి బెంగ వద్దు. ఎలక్ట్రానిక్స్ వాళ్లు 'ఇది బయాలజీ' అంటారు, బయాలజీ వాళ్లు 'ఇది లెక్కలు' అంటారు, మేనత్త 'ఇంతకీ వాడు డాక్టరా, కాదా?' అంటుంది. ముగ్గురికీ అవుననండి. షానన్ అంతటివాడు 1940లో ఎంఐటీలో జన్యుశాస్త్రపు బీజగణితం మీద పీహెచ్‌డీ రాసి, పత్రికకి కూడా ఇవ్వకుండా పక్కన పడేసి వెళ్లిపోయాడు. మీరూ పడేయండి. ఆ తర్వాత 1948లో ఆయన రాసిన సమాచార సిద్ధాంతంలాంటిది కూడా రాయాలనే పట్టింపు లేదు. గుంటూరులో పుట్టిన మతుకుమల్లి విద్యాసాగర్ కంట్రోల్ సిద్ధాంతంలో దశాబ్దాలు గడిపి, అరవై దాటాక టెక్సస్ వెళ్లి కేన్సర్ జీవశాస్త్రం లెక్కల్లోకి దిగారు. ఇలాంటి ఉదాహరణలు ఇంట్లో చెప్పకండి, మీ వయసుకి సాకులు మిగలవు.

ఒక్క జాగ్రత్త. మొదటి ఉద్యోగంలో నా సొంత సర్క్యూట్ ఇరవై రెండు నిమిషాలకోసారి ఊగింది. పన్నెండు గంటల డేటా, ఫూరియర్ తీస్తే సూదిమొనలాంటి శిఖరం. ఈ. కోలైలో ఇంత వేగంగా ఎవరూ ఊపలేదనుకుని పేపరుకి శీర్షిక కూడా పెట్టేశాను. గ్రూప్ మీటింగులో వెనక బెంచీ మీద ప్లేట్లు సర్దుతున్న ల్యాబ్ అసిస్టెంట్ చెయ్యెత్తాడు.

'సార్, ఆ ప్లేట్లు కొలిచే మిషన్ సరిగ్గా ఏసీ కింద ఉందండి. కంప్రెసర్ ఆన్ అయినప్పుడల్లా ప్లేటు మూతకి చెమ్మ పడుతోందండి. మొన్న శనివారం ఏసీ పనిచేయలేదు కదండీ, ఆ రోజు గీత చూడండి.'

చూశాను. చెరువు నీళ్లు.

అటువంటివాళ్లని మీటింగుకి పిలవకండి.