బొటనవేలు మిగిలింది

ఏకలవ్యుడు ద్రోణుడికి బొటనవేలు కోసి ఇచ్చాడు. మనం అంత అమాయకులం కాదు. బొటనవేలొక్కటీ అట్టేపెట్టుకుని, మెడ పైభాగమంతా వాట్సాప్ గ్రూపుకి గురుదక్షిణగా సమర్పించుకున్నాం.

2016 నవంబరులో కొత్త రెండు వేల నోటు వచ్చింది. అందులో నానో చిప్ ఉందనీ, 120 మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహం పసిగట్టేస్తుందనీ కబురొచ్చింది. సెల్లార్లోకి దిగితే సిగ్నల్ పోయే ఫోన్లోనే అది చదివాం, అందులోంచే పదిమందికీ పంపాం. హిందీ చానెళ్లు కొన్ని గ్రాఫిక్సుతో సహా వివరించాయి. రిజర్వు బ్యాంకుకి మాత్రం ఆ చిప్ సంగతి తెలియదు, పాపం. మా బాబాయి గ్రూపులో దానికి సభ్యత్వం లేదు. 2023 మేలో ఆ నోటునే ఉపసంహరించి, ఉన్నవాళ్లు బ్యాంకులకు తెచ్చివ్వండంది. ఉపగ్రహం చూపిస్తుంటే వెళ్లి తవ్వుకోవచ్చు కదా అని ఒక్కరూ అడగలేదు. ఆ నవంబరులోనే, మూడు వైపులా సముద్రమున్న దేశంలో, ఉప్పు దొరకదన్న పుకారుకి జనం కొట్ల మీద పడ్డారు.

'చాలాసార్లు ఫార్వర్డ్ అయింది' అని కంపెనీవాళ్లు జంట బాణాల గుర్తు పెట్టింది జాగ్రత్త పడమని. బాబాయి దాన్ని హాల్‌మార్క్ ముద్ర అనుకున్నాడు. "ఇంతమంది పంపారంటే అబద్ధమెందుకవుతుందిరా?" అంటాడు. అరకిలో వంకాయలు కొంటే పుచ్చుందేమోనని ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూసే మనిషే.

నవ్వులాట ఇక్కడితో సరి. 2018లో ఒక వీడియో దేశమంతా తిరిగింది. బైకు మీద వచ్చినవాళ్లు వీధిలో పిల్లాణ్ని ఎత్తుకుపోతారు. నిజానికది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో వాళ్లే పిల్లాణ్ని వెనక్కి తెచ్చి దింపి, పెద్దలకు జాగ్రత్త చెప్పే అట్ట చూపిస్తారు. ఎవరో పుణ్యాత్ములు ఆ చివరి ముక్క కత్తిరించారు. కొత్తగా ఏమీ కలపలేదు, కత్తెర చాలింది. ఆ ఏడాది మేలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న పుకారు నమ్మిన గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. పుకార్లు పంపినవాళ్లు మాత్రం ఎవరి మీదా చెయ్యి వెయ్యలేదు. 'ఎందుకైనా మంచిదని' పంపారంతే. గద్వాల పోలీసులు పాటలు కట్టించి, డప్పు కొట్టుకుంటూ ఊరూరా తిరిగి, నమ్మొద్దని చెప్పాల్సొచ్చింది.

జులైలో కంపెనీ, ఒక విడతకి ఐదు చోట్లకి మించి పంపకుండా కట్టడి పెట్టింది. బాబాయి నొచ్చుకున్నాడు గానీ డీలా పడలేదు. విడతకి ఐదన్నారు గానీ, విడతలెన్నో చెప్పలేదుగా. తెల్లారుజామున మొదలుపెడితే టిఫిన్ వేళకల్లా చుట్టాలంతా అయిపోయేవాళ్లు.