నాన్న రాసుకున్న గంటలు

ఇంజిన్ ఆయిల్ మార్పించడం నేను ఏనాడూ ఆలస్యం చెయ్యలేదు. అయినా నా కారు గేర్‌బాక్స్‌ను చేజేతులా పాడుచేసుకున్నాను.

మోకాలి నొప్పితో క్లచ్ తొక్కలేక ఆటోమేటిక్ కొన్నాను. గేర్ ఆయిల్ సంగతి షోరూమ్‌లో అడిగితే, "అది లైఫ్‌టైమ్ సార్, ముట్టుకోనక్కర్లేదు" అన్నారు. ఖర్చు తప్పిందని సంబరపడ్డానే గానీ బండితో వచ్చిన పుస్తకం తిప్పి చూడలేదు. ఎండల్లో, ట్రాఫిక్‌లో తిరిగే బండికి 60,000 కిలోమీటర్లకే మార్చాలని అందులో ఉంది. రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి పాకే నా బండి అలాంటిదే.

ఆటోమేటిక్‌లో ఆ ఆయిల్ పని ఒరిపిడి తగ్గించడం ఒక్కటే కాదు. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ బలాన్ని గేర్లకు అందించేది అదే. తన ఒత్తిడితో క్లచ్ ప్లేట్లను బిగించి గేరు మార్చేది అదే. వేడిని మోసుకుపోయేదీ అదే. కాగి కాగి దాని గుణం పోతే ప్లేట్లు జారతాయి, జారినకొద్దీ ఇంకా కాగుతుంది.

బండి నాకు ముందే చెప్పింది. పొద్దున్నే రివర్స్ వేస్తే రెండు క్షణాలు ఆగి, కుదుపుతో కదిలేది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్ అరిచేది, వేగం పెరిగేది కాదు. వయసైపోయిందిలే అనుకుని ఏడాది నెట్టుకొచ్చాను. చివరికి గ్యారేజీకి తీసుకెళ్లాను.

"గేర్ ఆయిల్ ఎన్నడన్నా మార్పించిన్రా సార్?" అని అడిగాడు మెకానిక్. లేదన్నాను. ప్లగ్ విప్పితే, దానిమ్మ రసంలా ఎర్రగా ఉండాల్సింది డికాక్షన్‌లా నల్లగా, మాడు వాసనతో దిగింది. ప్లేట్లు కాలిపోయాయి. కొన్ని వేలతో పోయేదానికి లక్షన్నర పోశాను.

డబ్బు కన్నా నన్ను బాధపెట్టింది మా నాన్న జ్ఞాపకం. ఆయన చదివింది ఐదో తరగతి. ట్రాక్టర్ మీటర్‌లో గంటలు చూసి, ఏ ఆయిల్ ఎప్పుడు మార్చిందీ పాత క్యాలెండర్ వెనక రాసుకునేవాడు. కంటికి కనపడని చోటే ముందు అరుగుతుందిరా అనేవాడు. ఇంజనీరింగ్ చదివిన నేను ఒక తియ్యటి మాట నమ్మి, ఆ క్యాలెండర్‌ను మరిచాను.

ప్లగ్ విప్పితే ఆయిలంతా దిగదనీ, చాలా భాగం లోపలే ఉండిపోతుందనీ ఇప్పుడు తెలుసు. అందుకే కొన్నాళ్ల తేడాతో రెండుసార్లు మార్పిస్తాను, కంపెనీ చెప్పిన రకమే పోయిస్తాను. కిలోమీటర్లు క్యాలెండర్ వెనక రాసుకుంటున్నాను.