ఇద్దరు పీఆర్వోలూ, నేనూ

బైపీసీ పాసైన పిల్ల ఇంట్లో ఉంటే ఫోన్లు ఎవరు చేస్తారో మీకు వేరే చెప్పక్కర్లేదు. పాసైంది మా మేనకోడలు, ఫోన్లు మాత్రం నాకు. ఒక కాలేజీ పీఆర్వో నా కాఫీ వేళకి చేస్తాడు, రెండో కాలేజీ ఆయన నా కునుకు వేళకి. 'సార్, పాప నర్సింగ్ విషయం ఏం చేశారు?' అని ఇద్దరూ ఒకే గొంతుతో అడుగుతారు. బీఎస్సీ నర్సింగ్‌కి ఈ రెంటిలో ఏది ముందు పెట్టాలో తేల్చే పని అక్క నాకప్పగించింది. 'నీకు పరిచయాలెక్కువ కదరా' అంది. నా పరిచయస్తుల్లో ముప్పాతిక మంది రిటైరైన తెలుగు మాస్టార్లని దానికి తెలీదనుకోను.

రెండు బ్రోషర్లూ ముందేసుకుని కూర్చున్నాను. ఇద్దరికీ ఏసీ గదులే, ఇద్దరికీ వంద శాతం ప్లేస్‌మెంట్లే. జర్మనీ కూడా ఇద్దరికీ ఉంది. జర్మన్ భాష ఎవరు నేర్పుతారని అడిగితే ఒకాయన తడుముకోకుండా 'మా ఇంగ్లీషు మేడమేనండీ' అన్నాడు.

ఇంతలో అమ్మ కళ్ళజోడు పెట్టుకుని బ్రోషరు చివరి పేజీ తీసింది. అక్కడుంది హాస్టల్ మెనూ. ఆ క్షణం నుంచీ మా ఇంట్లో నర్సింగ్ అన్న మాట వినబడలేదు. మొదటి కాలేజీలో వారానికి నాలుగు రోజులు సాంబారు. 'అరవ వంటవాణ్ణి పెట్టినట్టున్నారు' అని అమ్మ తీర్పు. రెండో చోట మంగళవారం దోసకాయ పప్పు, శుక్రవారం గోంగూర. ఆదివారం చికెన్ అని రెండు చోట్లా ఉంది కానీ ఎన్ని ముక్కలో రాయలేదని బావ అభ్యంతరం. ఉప్మా రవ్వదా, సేమ్యాదా అన్నదాని మీద ఓ పూట గడిచింది. ఉప్మా ఏదైనా ఉప్మాయే అన్నందుకు నన్ను చర్చలోంచి వెలివేశారు. చివరికి రెండిట్లోనూ రాత్రి 'పెరుగు' అని ఉండటం చూసి అమ్మ నా చేతిలో ఫోన్ లాక్కుంది.

'బాబూ, పెరుగు మీరే తోడు పెడతారా, ప్యాకెట్టా?'

కౌన్సిల్ అనుమతి ఉందా అంటే ఉందండీ, ల్యాబులున్నాయా అంటే ఉన్నాయండీ, ఉద్యోగం గ్యారంటీయా అంటే గ్యారంటీ అండీ అని ఊపిరి తీసుకోకుండా చెప్పిన మనిషి ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. 'కనుక్కుని చెప్తానమ్మా' అన్నాడు. ఇన్నాళ్ళలో ఆయన నోట నేను నమ్మిన మాట అదొక్కటే.

నర్సింగ్ కాలేజీ వెనక కనీసం 100 పడకల ఆసుపత్రి ఉండాలంటుంది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్. వార్డులో ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులు ఉండాలని కూడా లెక్క కట్టింది. నేను చెప్పాపెట్టకుండా ఒక కాలేజీ ఆసుపత్రికి వెళ్ళిన మధ్యాహ్నం లెక్క తిరగబడింది. ఒక్క రోగి చుట్టూ ఏడుగురు విద్యార్థులు. ఆయనకి బీపీ లేదు, వంతులవారీగా చూసి చూసి వాళ్ళే తెప్పించేట్టున్నారు. మిగతా పడకల మీద దుప్పట్లు మడత నలగకుండా ఉన్నాయి. ఇన్‌స్పెక్షన్ నాడు మాత్రం నిండుతాయని గేటు దగ్గర టీకొట్టాయన చెప్పాడు. సూది గుచ్చడం రబ్బరు బొమ్మ మీదే నేర్చుకున్న పిల్లని రేపు నిజం నరం ముందు నిలబెడితే దాని గతేమిటో, ఆ రోగి గతేమిటో బ్రోషర్లో ఎక్కడా లేదు.

బంధువుల సంగతి సరేసరి. 'నర్సింగా!' అని మూతి విరిచిన మా బావ తమ్ముడే ఇప్పుడు ఐర్లాండులో నర్సులకి ఎంతిస్తారో కనుక్కుంటున్నాడు. ఇక్కడెంతిస్తారో ఎవరూ అడగరు. సుప్రీంకోర్టు 2016లో చెప్పిన మీదట వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రి కూడా నర్సుకి నెలకి 20,000కి తగ్గకుండా ఇవ్వాలంది. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలంది. అది ఎక్కువ చోట్ల కాగితం మీదే ఉంది.

నాన్నకి తుంటి ఎముక విరిగినప్పుడు, వీపు పుండు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చిన అమ్మాయికి పాతికేళ్ళుండవు. నాన్న విసుక్కున్నా 'అయిపోయింది తాతగారూ' అంటూనే ఉండేది. డిశ్చార్జి నాడు మేం పూతరేకులు తీసుకెళ్ళి డాక్టరు గారి చేతిలో పెట్టాం.

మీ ఇంట్లోనూ ఇదే తంటా నడుస్తుంటే, చెప్పకుండా ఆసుపత్రి వార్డుకి వెళ్ళండి. అక్కడ ఆఖరి సంవత్సరం అమ్మాయిని ఒకర్ని పక్కకి పిలిచి అడగండి. పీఆర్వో చెప్పనిదంతా ఆ పిల్ల చెప్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు అట్టే పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది కాబట్టి, వెరిఫై చేసిన వెంటనే తిరిగిస్తామని కాగితం మీద రాసివ్వమనండి. మేం ఇద్దర్నీ అడిగాం. ఒకరు రాసిస్తామన్నారు. మా పిల్ల అక్కడే చేరుతోంది.