హెపటైటిస్ బి టీకా సీసా ఆత్మకథ

అరచేతిలో ఇమిడిపోయే ఈ గాజుసీసా తన వంశం గురించి చెప్పుకోవాలంటే హైదరాబాదుతోనే మొదలుపెట్టాలి; వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో, వైరస్ పైపొర ప్రోటీనుకు చెందిన జన్యువును ఈస్ట్ కణాల్లో ప్రవేశపెట్టి, ఆ ప్రోటీనును మాత్రమే పెంచి తీసే పద్ధతిలో తొలి స్వదేశీ హెపటైటిస్ బి టీకాను విడుదల చేసి, అంతవరకు ఖరీదైన దిగుమతి సరుకుగా ఉన్నదాన్ని సామాన్యులకు అందించింది. ఇందులో వైరస్ ఉండదు కనుక దీనివల్ల జబ్బు రాదు.

సీసా బతుకంతా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యనే గడవాలి. వేడికి కొంత ఓర్చుకోగలదు గాని గడ్డకడితే మాత్రం, టీకా పటుత్వం కోసం కలిపిన అల్యూమినియం లవణం ముద్దలుగా విడిపోయి, తిరిగి కరిగించినా పనికిరాకుండా పోతుంది.

ఈ సీసా అవసరం ఎక్కువగా ఉన్న చోట్లలో నికోబార్ దీవులు ఒకటి; ఇప్పుడు శ్రీవిజయపురంగా పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌ నుంచి అక్కడికి ఓడలు వెళ్తాయి. నికోబారీల్లో ఐదోవంతుకు మించిన వారిలో ఈ వైరస్ ఆనవాళ్లున్నట్లు స్థానిక వైద్య పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2000 ప్రాంతంలో గుర్తించారు. అందుకే ఆ దీవుల ఆసుపత్రులకు బదిలీపై వెళ్లే నర్సు గాని, ల్యాబ్ టెక్నీషియన్ గాని ఓడ ఎక్కకముందే ఈ సీసాను కలవాలి. టీకా లేని వ్యక్తికి రోగి రక్తమంటిన సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ సోకే అవకాశం 1000లో 3 కాగా, హెపటైటిస్ బి సోకే అవకాశం 100కు 30 వరకు ఉంటుంది. ఎండిన రక్తంలో సైతం ఈ వైరస్ కనీసం 7 రోజులు బతుకుతుంది.

రక్షణకు మూడు మోతాదులు కావాలి: మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. ఆ తర్వాత ఒకటి రెండు నెలల్లో రక్తపరీక్ష చేసి, వైరస్‌ను అడ్డుకునే ప్రతిరక్షకాలు మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లకు తగ్గకుండా ఉన్నాయని తేలితేనే టీకా పట్టినట్టు లెక్క. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం ఆరోగ్య సిబ్బందికి ఈ టీకా వేయించాలని చెబుతున్నా, వాడిన సూదులున్న చెత్తసంచి మోసే కాంట్రాక్టు పారిశుధ్య కార్మికులు సిబ్బంది జాబితాలో చేరకపోతే వారి భుజం దాకా సీసా చేరదు. ప్రమాదం అందరికంటే వారికే దగ్గర కనుక, ప్రభుత్వ ఆసుపత్రిలో చీపురు పట్టేవారికైనా, కత్తి పట్టేవారికైనా పనిలో చేరేనాడే మొదటి మోతాదు ఉచితంగా వేయించడం నియామక నిబంధన కావాలి.