ముహూర్తానికి చల్లబడిన రియాక్టర్

పేలిపోయిన అణు రియాక్టర్‌ను చల్లార్చాలంటే నీళ్లు పోయాలని మనలాంటి అమాయకులు అనుకుంటాం. నీళ్లు పోయడం కిందివాళ్ల పని. పోసిన నీళ్లు కారతాయి, కారినవి తోడాలి, తోడినవి దాచడానికి ట్యాంకులు కట్టాలి. తెమిలే వ్యవహారం కాదు. పైవాళ్ల దగ్గర ఇంతకంటే చవకైన విధానం ఒకటుంది. దానికి ఒక మైకు, వెనకాల ఒక జెండా, బల్ల మీద ఒక గ్లాసు మంచినీళ్లు చాలు. ఆ నీళ్లు కూడా రియాక్టర్‌కు కాదు, మాట్లాడేవారి గొంతుకు.

జపాన్‌లోని ఫుకుషిమా దాయిచి అణు విద్యుత్ కేంద్రం ఈ విధానంలోనే 2011 డిసెంబర్ 16న చల్లబడింది. దెబ్బతిన్న మూడు రియాక్టర్లూ ‘శీతల నిలుపుదల స్థితి’కి చేరాయనీ, కేంద్రం వరకూ ప్రమాదం ముగిసినట్టేననీ ఆ రోజు ప్రధాని యోషిహికో నోడా ప్రకటించారు. మార్చి 11న భూకంపం, సునామీ వచ్చాయి. సరిగ్గా తొమ్మిది నెలల ఐదు రోజులకు ముగింపు.

ఈ ముహూర్తం పెట్టింది ఎప్పుడనుకున్నారు? ఏప్రిల్ 17నే. కేంద్రం యజమాని టోక్యో ఎలక్ట్రిక్ పవర్ కంపెనీ, అంటే టెప్కో, ఆ రోజు ఒక ప్రణాళిక విడుదల చేసింది. మొదటి దశకు మూడు నెలలు, రెండో దశకు మరో మూడు నుంచి ఆరు నెలలు. అప్పటికి రియాక్టర్ల లోపల ఏముందో కళ్లతో చూసినవాడు భూమ్మీద ఒక్కడు లేడు. అసలు ఇంధనం కరిగిపోయిందన్న సంగతే కంపెనీ మే నెలదాకా ఒప్పుకోలేదు. ఆ మాట వాడొద్దని కంపెనీ అధ్యక్షుడే మార్చిలో ఆదేశించాడని ఐదేళ్ల తర్వాత బయటపడింది. ఇంధనంలో ఐదు శాతం దెబ్బతింటే కరిగినట్టే లెక్కగట్టాలని తమ సొంత మాన్యువల్‌లోనే రాసి ఉన్న సంగతి కూడా అదే 2016లో కంపెనీ కంట పడింది. పంచాంగం చేతిలో పెట్టుకుని ఐదేళ్లు తిథి తెలియదన్నారన్నమాట. అయినా ముహూర్తం మాత్రం తప్పలేదు. తప్పకపోగా ముందుకు జరిగింది. ఏడాది ముగిసేలోగా పూర్తి చేస్తామని సెప్టెంబర్‌లో మంత్రిగారు వియన్నా వెళ్లి ప్రపంచానికి మాటిచ్చి వచ్చారు.

మామూలుగా రియాక్టర్ శీతల నిలుపుదలకు చేరిందనాలంటే చెక్కుచెదరని పాత్రలో నీరు ఉండాలి, అది వంద డిగ్రీల లోపు ఉండాలి, లోపల ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి దిగాలి. ఇక్కడ పాత్రలకే అడుగు నిలవలేదు. ఒకటో యూనిట్‌లో ఇంధనం దాదాపుగా అంతా కరిగి, ఉక్కు పాత్ర అడుగును తినేసి, కింది కాంక్రీటు మీద పడి ఉంటుందని టెప్కోయే నవంబర్ 30న అంచనా ప్రకటించింది. అంటే ముహూర్తానికి పదహారు రోజుల ముందు. నియమానికి తగిన రియాక్టర్ దొరకలేదు కాబట్టి రియాక్టర్‌కు తగిన నియమాన్ని తయారుచేసుకున్నారు. పాత్ర అడుగున వంద డిగ్రీల లోపుంటే చాలు, బయటికి వచ్చే రేడియేషన్ ఒక హద్దులో ఉంటే చాలు. రోగి లేచి ఎటో వెళ్లిపోయాక మంచానికి థర్మామీటర్ పెట్టి, జ్వరం దిగిందని డిశ్చార్జి కాగితం రాసినట్టుంది.

ఆ థర్మామీటర్లైనా సవ్యంగా ఉన్నాయా? 2012 ఫిబ్రవరిలో రెండో యూనిట్‌లో ఒకటి పైకెక్కడం మొదలుపెట్టింది. పరీక్షించి, అది చెడిపోయిందని తేల్చారు. నిజంగానే చెడిపోయింది, అందులో నాకు అనుమానం లేదు. తగ్గినట్టు చూపించిన మిగతావాటికి కూడా అదే శ్రద్ధతో పరీక్ష చేసి ఉంటే బాగుండేదనిపిస్తుంది, అంతే. మార్చిలో అదే యూనిట్ లోపలికి కెమెరా గొట్టం దించితే అడుగున నీరు 60 సెంటీమీటర్లే కనిపించింది. అనుకున్నదానికంటే బాగా తక్కువ. రేడియేషన్ గంటకు 72.9 సీవర్ట్‌లు, అంటే మనిషి ఆరేడు నిమిషాలు నిలబడితే బతికి బట్టకట్టడు. ముగింపు ప్రకటించిన మూడు నెలలకు గానీ లోపల నీరెంతుందో, రేడియేషన్ ఎంతుందో కొలవలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నా ఎగతాళి మైకు ముందు నిలబడ్డవాళ్ల మీదే. కింద పనిచేసినవాళ్ల మీద ఎగతాళికి నోరు రాదు. కరెంటు పోయి మీటర్లన్నీ చచ్చిపడితే కార్ల బ్యాటరీలు ఊడదీసి తెచ్చి, చీకట్లో టార్చిలైట్ల వెలుగులో వాటిని బతికించుకున్నారు. మార్చి 12న ఒకటో యూనిట్‌లోకి సముద్రపు నీరు పంపుతుంటే, ప్రధాని కార్యాలయం ఇంకా సరే అనలేదు కాబట్టి ఆపమని పై నుంచి హుకుం వచ్చింది. కేంద్రం అధిపతి మసావో యోషిదా కింది ఉద్యోగిని పిలిచి, ‘ఇప్పుడు ఆపమని గట్టిగా చెబుతాను, నువ్వు మాత్రం ఆపొద్దు’ అని ముందే చెవిలో వేశాడు. తర్వాత వీడియో సమావేశంలో అందరూ వినేలా ఆపమన్నాడు. నీళ్లు ఆగలేదు. ఆ రోజు ఫుకుషిమాలో రియాక్టర్‌ను కాస్త చల్లబరిచింది ఒక అవిధేయత. ఆదేశాలను తు.చ. తప్పకుండా పాటించి ఉంటే ముగింపు ప్రకటనకు డిసెంబర్ దాకా ఆగక్కర్లేకపోయేదేమో.

ఏప్రిల్ మొదట్లో రెండో యూనిట్ దగ్గర ఒక గుంట పగులులోంచి తీవ్రంగా కలుషితమైన నీరు సముద్రంలోకి పోసాగింది. కాంక్రీటు పోశారు, ఆగలేదు. అప్పుడు నీటిని పీల్చే పాలిమర్ తెచ్చారు, దాంతోపాటు రంపపు పొట్టు తెచ్చారు, చింపిన పాత న్యూస్‌పేపర్లు తెచ్చారు. అణుయుగపు పరిశ్రమ, న్యూస్‌పేపర్ ముక్కలు! నీరు ఏ దారిన పోతోందో కనిపెట్టడానికి స్నానంలో కలుపుకునే తెల్లటి పొడి వేశారు. చివరికి ద్రవ గాజు ఎక్కించాక, 6వ తేదీన, ధార ఆగింది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, చేతికి దొరికిందాంతో అడ్డుకట్ట వేశారు. సిగ్గుపడాల్సింది వేరే ఉంది. ఇలా న్యూస్‌పేపర్లు దోపిన రెండు వారాలకు, నెలల చొప్పున గళ్లు గీసిన ప్రణాళిక బయటికొచ్చింది.

ముగిసిపోయిన ప్రమాదం తర్వాత కూడా జరుగుతూనే ఉండటం దాని చెడ్డ అలవాటు. 2013 మార్చి 18న ఒక ఎలుక స్విచ్‌బోర్డులో దూరింది. ఆ స్విచ్‌బోర్డు రెండేళ్ల కిందట హడావుడిగా లారీ మీద బిగించిన తాత్కాలిక సరుకు. ఎలుక పోయింది, వాడేసిన ఇంధనం ఉంచిన తొట్లను చల్లబరచడమూ ఆగిపోయింది, మళ్లీ అంతా సవ్యమయ్యేసరికి దాదాపు 30 గంటలు. అదే ఏడాది ఆగస్టులో ఒక ట్యాంకులోంచి 300 టన్నుల కలుషిత నీరు కారింది. అంతర్జాతీయ కొలమానంలో మూడో స్థాయి ఘటన అని నియంత్రణ సంస్థ తేల్చింది. పది రోజులకే, సెప్టెంబర్ 7న, ప్రధాని షింజో అబే బ్యూనస్ ఐరిస్‌లో ఒలింపిక్ కమిటీ ముందు నిలబడి పరిస్థితి అదుపులో ఉందని హామీ ఇచ్చారు. టోక్యోకు ఒలింపిక్స్ వచ్చేశాయి. వారం తిరగకుండా టెప్కో అధికారి ఒకరు, అదుపులో లేదనే అనుకుంటున్నానని ఎంపీల ముందు ఒప్పుకున్నాడు. ఆయనకు పతకం వచ్చినట్టు నేను వినలేదు.

2014లో ఇంకో ముచ్చట. సముద్రం పక్కనున్న సొరంగాల్లోని కలుషిత నీటిని తోడాలంటే ముందు వాటి మూతిని గడ్డకట్టించాలి. శీతల గొట్టాలు దింపారు, గడ్డకట్టలేదు, లోపల నీరు కదులుతూనే ఉంది. పైనుంచి ఐసు, డ్రై ఐసు కలిపి 400 టన్నులకు పైగా కుమ్మరించారు. అయినా మూసుకోలేదు. చివరికి సిమెంటుకే దణ్ణం పెట్టారు.

ఈ విద్యలో జపాన్ వాళ్లే గురువులని అనుకుంటే మనవాళ్లను తక్కువ చేసినట్టు. 2011 మార్చి 14న మూడో యూనిట్ పైకప్పు ఎగిరిపోయింది, ప్రపంచమంతా టీవీల్లో చూసింది. ఆ రోజే మన అణుశక్తి రంగపు పెద్దలు ముంబైలో సెలవిచ్చారు: అది అణు ప్రమాదమే కాదు, రసాయన చర్య మాత్రమే, కంపెనీ పద్ధతి ప్రకారం అత్యవసర సన్నద్ధత కార్యక్రమం జరుపుకుంటోంది. జపాన్ ప్రభుత్వానికి తొమ్మిది నెలలు పట్టిన పని మనవాళ్లు మూడు రోజుల్లో, దాదాపు ఏడు వేల కిలోమీటర్ల దూరం నుంచి ముగించేశారు. అప్పటికే శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ తీరంలో అణు విద్యుత్ కేంద్రానికి స్థలం ఖాయం చేసి ఉన్నారు. భయపడొద్దని ఆ ఊరి మత్స్యకారులకు నచ్చజెప్పాల్సింది కూడా ఈ పెద్దలే.

ఇక ఇప్పటి సంగతి. మూడు రియాక్టర్లలో కరిగి గడ్డకట్టిన ఇంధన శిథిలం దాదాపు 880 టన్నులని అంచనా. 2024 ఆగస్టులో మొదటి చిటికెడు తీయబోయారు. గేలపు కర్రలా సాగే యంత్రాన్ని లోపలికి తోసే గొట్టాలు వరస తప్పి అమర్చారని ఆ రోజు పని ఆగింది. తర్వాత కెమెరా పాడైంది. నవంబర్‌లో ఎట్టకేలకు 0.7 గ్రాములు బయటికొచ్చింది. మరుసటి ఏప్రిల్‌లో ఇంకో 0.2 గ్రాములు. రెండూ కలిపితే గ్రాము నిండలేదు.

కేంద్రాన్ని పూర్తిగా విప్పేసే గడువు మాత్రం 2011 డిసెంబర్‌లోనే పెట్టేశారు: 30 నుంచి 40 ఏళ్లు, ఆఖరి సంవత్సరం 2051. శిథిలాన్ని పెద్ద ఎత్తున తీయడం 2037కు ముందు మొదలుకాదని 2025 జూలైలో టెప్కో చెప్పింది. 2037లోనే మొదలైందనుకుందాం. 14 ఏళ్లలో 880 టన్నులంటే పండగలు, ఆదివారాలు, ఎలుకలు ఏవీ అడ్డురాకుండా రోజుకు 170 కిలోలు తీయాలి. మరి గడువు మారుతుందా అంటే, 2051 అలాగే ఉంటుందన్నారు.