ఐఐటీకి అప్లై చెయ్యాలా వద్దా: లష్కర్ తల్లిదండ్రులకు కొన్ని సూచనలు

ఈ ప్రశ్న మీకు ఇంటర్ రెండో ఏడులో తట్టిందంటే చాలా ఆలస్యంగా మేలుకున్నారన్న మాట. మన లష్కర్‌లో, అంటే సికింద్రాబాదులో, ఈ సంగతి ఆరో తరగతిలోనే, ఫౌండేషన్ కోర్సుకు మొదటి టర్మ్ ఫీజు కట్టిన రోజునే తేలిపోతుంది. అయినా బాగా ఆలోచించే నిర్ణయించాం అనిపించుకోవాలి కదా. అందుకే ఈ సూచనలు.

ముందు మీ అపార్ట్‌మెంట్‌ను సంప్రదించండి. మారేడ్‌పల్లిలో గానీ పద్మారావునగర్‌లో గానీ ఇలాంటి సంప్రదింపులు లిఫ్టులోనే జరుగుతాయి. "వదినా, మీ వాడికి మెయిన్స్‌లో పర్సంటైల్ ఎంతొచ్చింది?" అని మూడో అంతస్తావిడ అడుగుతుంది. గ్రౌండ్ ఫ్లోర్ వచ్చేలోపు జవాబు చెప్పాలి. "మా వాడికి వేరే ఆలోచనలున్నాయి" అని మాత్రం అనకండి. ఆ మాట సాయంత్రానికల్లా "పాపం, వాళ్ళ వాడికి రాలేదట" అయి తిరిగొస్తుంది. ఆ సంభాషణను తప్పించుకోవడానికి కట్టే జేఈఈ అడ్వాన్స్‌డ్ రుసుము 3,200 రూపాయలు. ఆడపిల్లలకైతే సగమే. రెండేళ్ళ కోచింగు ఫీజు ముందు ఇదొక లెక్కా?

లెక్కల జోలికి వెళ్ళేటప్పుడు మాత్రం ఏది చూడాలో, ఏది వదలాలో తెలిసుండాలి. 2024లో జేఈఈ మెయిన్ రాసినవాళ్ళు 14 లక్షల పైచిలుకు. 23 ఐఐటీల్లో కలిపి సీట్లు 17,740. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే రాత్రి నిద్ర పట్టదు కాబట్టి పెట్టకండి. ఆ ఏడు అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లూ రాసినవాళ్ళు 1,80,200 మంది, క్వాలిఫై అయినవాళ్ళు 48,248. అంటే నలుగురిలో ఒకరు! ఇది నాయనమ్మకు ఫోనులో చెప్పడానికి బాగుంటుంది. క్వాలిఫై అయినవాళ్ళలో కూడా సగానికి పైగా సీటు లేకుండా మిగులుతారని ఆవిడకు చెప్పాల్సిన పనేముంది?

ఇంకో అంకె ఉంది, దాన్ని మటుకు ఇంట్లో ఎవరి కంటా పడనివ్వకండి. ఆ ఏడు మెయిన్ దాటి అడ్వాన్స్‌డ్‌కు అర్హత తెచ్చుకున్నవాళ్ళు దాదాపు రెండున్నర లక్షలు. రిజిస్టర్ చేసుకున్నవాళ్ళు 1,86,584. మిగతా అరవై వేల పైచిలుకు పిల్లలు గుమ్మం దాకా వచ్చి లోపలికి అడుగు పెట్టలేదు. ఎన్‌ఐటీ చాలనుకున్నారో, అలిసిపోయారో, ఎవరి కారణాలు వాళ్ళవి. నిజంగా 'అప్లై చెయ్యాలా వద్దా' అని ఆలోచించి తేల్చుకున్నవాళ్ళు బహుశా వీళ్ళే. ప్యారడైజ్ నుంచి ప్యాట్నీ దాకా ఎన్ని హోర్డింగులు చూసినా వీళ్ళలో ఒక్కరి ఫొటో కనపడదు. ర్యాంకు కొట్టినవాడి ఫొటోనేమో మూడు కాలేజీలు వేసుకుంటాయి.

వెనకటి తరాన్ని ఆదర్శంగా తీసుకోవాలంటే నల్లకుంట రోజులు గుర్తు చేసుకోండి. అక్కడి చుక్కా రామయ్యగారి ఐఐటీ కోచింగు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాలంటే ఎంట్రెన్సు రాయాల్సి వచ్చేది. ఆ ఎంట్రెన్సుకు కోచింగిచ్చే సెంటర్లు విడిగా వెలిశాయి. ఐఐటీకి అప్లై చెయ్యాలా అన్న ప్రశ్న వెనక రామయ్యగారికి అప్లై చెయ్యాలా, దాని వెనక ఆ కోచింగుకు అప్లై చెయ్యాలా అని వరస. ఇలా వెనక్కి నడుచుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఎల్‌కేజీ తగులుతుంది. పాతికేళ్ళు అబిడ్స్, కోఠి పుస్తకాల షాపుల చుట్టూ తిరిగిన తండ్రులు దీన్నే క్రమశిక్షణ అన్నారు.

ముహూర్తం కూడా చూసుకోవాలి. 2024 నవంబరు 5న పరీక్ష పెట్టేవాళ్ళు, అడ్వాన్స్‌డ్ ఇకమీదట మూడుసార్లు రాయొచ్చన్నారు. 18న, కాదు, ఎప్పట్లాగే రెండుసార్లే అన్నారు. ఈ మధ్యలో కొందరు పిల్లలు చేరిన కాలేజీ మానేసి మళ్ళీ పుస్తకాలు తెరిచారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ రెండు తేదీల మధ్య మానేసినవాళ్ళను రాయనివ్వండని 2025 జనవరిలో కోర్టు చెప్పింది. కాబట్టి నవంబరులో నిర్ణయం తీసుకునేవాళ్ళు కాలేజీ మానేసిన తేదీకి రుజువు దగ్గర పెట్టుకోవడం మంచిది.

దేవుళ్ళ సంగతి. స్టేషన్ దగ్గర గణపతికి, స్కందగిరిలో సుబ్రహ్మణ్యుడికి ముడుపు కట్టండి, తప్పులేదు. ఉజ్జయిని మహంకాళి రంగం మీద మటుకు ఆశ పెట్టుకోవద్దు. పచ్చికుండ మీద నిలబడి చెప్పే భవిష్యవాణిలో వానలుంటాయి, పంటలుంటాయి, రోగాలుంటాయి, ర్యాంకులుండవు. పైగా అది ఆషాఢంలో. ఫలితాలు జూన్‌లోనే వచ్చేస్తాయి.

చుట్టాలను మాత్రం బాగా వాడుకోవచ్చు. ప్రతి మావయ్య దగ్గరా రెండు ఉదాహరణలు సిద్ధంగా ఉంటాయి. పరీక్షకు ముందు సుందర్ పిచాయ్: ఖరగ్‌పూర్‌లో చదివాడు, చూడు ఎక్కడున్నాడో. ఫలితాల తర్వాత సత్య నాదెళ్ల: మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూలే, ఐఐటీ ఎంట్రెన్సు తప్పాడు, మణిపాల్‌లో చదివాడు, చూడు ఎక్కడున్నాడో. నాదెళ్లగారి తండ్రి యుగంధర్‌గారు ఐఏఎస్ అధికారి, తాను రాసిన పరీక్ష ఏదీ తప్పని మనిషి. కొడుకు తప్పితే ఆయనకు కోపం కన్నా వినోదమే ఎక్కువ కలిగిందని కొడుకే పుస్తకంలో రాసుకున్నాడు. మావయ్యలు ఈ ముక్క ఎందుకో చెప్పరు. మీరూ చెప్పకండి.

ఆఖరుగా పిల్లవాణ్ణి అడగండి. ఈ రోజుల్లో అడక్కపోతే బాగుండదు. అయితే అడిగే పద్ధతొకటుంది. "ఏం చదువుతావు నాన్నా?" అని వదిలేస్తే సైనిక్‌పురి భవన్స్‌లో బీఏ అనో, తార్నాకలో జర్మన్ అనో, విద్యానగర్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ అనో అంటాడు. "అంతా నీ ఇష్టమే నాన్నా. బొంబాయా, మద్రాసా?" అనండి. జవాబు రాకపోతే సరేనన్నట్టే.

ఫారం నింపేటప్పుడు మీ ఫోన్ నంబరే ఇవ్వండి, ఓటీపీ మీకే వస్తుంది. పాస్‌వర్డ్ మీ డైరీలో రాసుకోండి. పరీక్ష నగరాల వరస మీరే పెట్టండి. కావాల్సిన కాగితాలు స్కాన్ చేసినవి కంప్యూటర్లో ఉండే ఉంటాయి. రాత్రి స్టడీ అవర్స్ అయి వచ్చి పడుకున్నవాణ్ణి దీనికోసం లేపనక్కర్లేదు.